కంట్రోల్ చార్టు: ఎప్పుడు కల్పించుకోవాలి, ఎప్పుడు ఊరుకోవాలి

తయారీ ప్రక్రియ నుంచి నిర్ణీత వ్యవధుల్లో తీసిన కొలతలను కాలక్రమంలో గుర్తించి, వాటి సగటు దగ్గర ఒక మధ్యరేఖను, దానికి పైనా కిందా లెక్కకట్టిన రెండు హద్దులను గీసిన పటాన్ని కంట్రోల్ చార్టు అంటారు. ఒకే యంత్రం మీద, ఒకే సరుకుతో, ఒకే మనిషి చేసిన రెండు వస్తువులు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. కొలిచే పరికరం ఎంత సూక్ష్మమైనదైతే తేడా అంత బయటపడుతుంది. ఇవాళ కనిపించిన తేడా ఈ ప్రక్రియలో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గుల్లో భాగమా, లేక కొత్తగా ఏదో మారిందనడానికి గుర్తా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబివ్వడం చార్టు పని. మందు బిళ్లల బరువు, బేరింగుల వ్యాసం, నూలు మందం, సర్క్యూట్ బోర్డుల మీద లోపాల సంఖ్య, ఏది కొలిచినా ప్రశ్న ఇదే.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా దీన్ని లోపాలను పట్టిచ్చే సాధనంగా పరిచయం చేస్తాయి. అది సగం నిజం. ప్రక్రియ గాడి తప్పినప్పుడు హెచ్చరించడం చార్టు చేసే మొదటి పని అయితే, గాడి తప్పనప్పుడు ఎవరూ దాని జోలికి పోకుండా ఆపడం రెండోది. మొదటి పనికి వేరే దారులున్నాయి. తనిఖీ పెంచవచ్చు, సెన్సర్లు బిగించవచ్చు, అలారాలు పెట్టవచ్చు. రెండో పనికి లెక్క తప్ప మరో ఆధారం లేదు, ఎందుకంటే అంకె కాస్త అటూ ఇటూ అయితే ఏదో ఒకటి చేసెయ్యాలన్న తొందర మనిషికి సహజం. కంట్రోల్ చార్టు చరిత్ర, నిర్మాణం, దాని మీద వచ్చిన విమర్శలు అన్నీ ఈ రెండో పని దృష్టితో చూస్తేనే సరిగ్గా అర్థమవుతాయి.

పుట్టుక

1920లలో షికాగో పక్కన సిసెరోలో ఉన్న హాథార్న్ వర్క్స్ అమెరికా టెలిఫోన్ వ్యవస్థకు సామగ్రి తయారుచేసే భారీ కర్మాగారం. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన ఈ కర్మాగారంలో వేలాది మంది పనిచేసేవారు. ఇక్కడి పరికరాలు ఒకసారి స్తంభాల మీదికో నేల కిందికో చేరాయంటే వాటిని మళ్లీ బయటికి తీసి బాగుచేయడం చాలా ఖర్చు. అందువల్ల తనిఖీ విభాగం పెద్దదిగా ఉండేది. అయితే తనిఖీ అన్నది అప్పటికే తయారైన చెడ్డ సరుకును ఏరగలదే తప్ప, అది ఎందుకు తయారైందో చెప్పలేదు. 1918లో ఆ కంపెనీలో చేరిన భౌతిక శాస్త్రవేత్త వాల్టర్ ఎ. షూహార్ట్ 1924 మే 16న తన పై అధికారి జార్జ్ ఎడ్వర్డ్స్‌కు ఒక చిన్న మెమో పంపారు. ఒక పేజీ మాత్రమే ఉన్న ఆ మెమోలో ఒక బొమ్మ, దాని వివరణ ఉన్నాయి. అదే మొదటి కంట్రోల్ చార్టు. 1925లో బెల్ లేబొరేటరీస్ ఏర్పడ్డాక షూహార్ట్ అక్కడికి మారి, తన ఆలోచనను విస్తరించి 1931లో పుస్తకంగా ప్రచురించారు. ఆ పుస్తకం పేరులో నాణ్యత పక్కనే ఆర్థిక నియంత్రణ అన్న భావాన్ని ఆయన చేర్చారు. తేడాను పూర్తిగా తుడిచెయ్యడం ఆయన లక్ష్యం కాదు. ఏ తేడా వెనక పడితే పెట్టిన ఖర్చు గిట్టుతుందో తేల్చడమే ఆయనకు కావలసింది.

షూహార్ట్ తేడాలకు కారణాలను రెండు తరగతులుగా విడదీశారు. ముడిసరుకులో స్వల్ప హెచ్చుతగ్గులు, యంత్రం కంపనం, గదిలో వేడి, చేతి ఒడుపు లాంటి చిన్న చిన్న కారణాలు లెక్కలేనన్ని కలిసి ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ వేలెత్తి చూపలేం. ఇవి మాత్రమే పనిచేస్తున్నప్పుడు తేడాలు ఒక స్థిరమైన పరిధిలో ఉంటాయి, రేపు ఎలా ఉంటుందో ఇవాళే అంచనా వేయవచ్చు. అలా కాకుండా పనిముట్టు అరిగిపోవడం, సరఫరాదారు మారడం, కొత్త ఆపరేటర్‌కు తప్పు సూచన అందడం లాంటివి వెతికితే దొరికే కారణాలు. వీటిని యాదృచ్ఛిక కారణాలు, నిర్దేశ్య కారణాలు అని షూహార్ట్ వేరుచేస్తే, ఆయన ఆలోచనను లోకానికి చాటిన డబ్ల్యు. ఎడ్వర్డ్స్ డెమింగ్ సాధారణ కారణాలు, ప్రత్యేక కారణాలు అన్నారు. మొదటి రకం తేడాను తగ్గించాలంటే ప్రక్రియనే మార్చాలి. రెండో రకానికి ఆ ఒక్క కారణాన్ని పట్టుకుని తొలగిస్తే చాలు. మందు వేరు కాబట్టి ఏ జబ్బో ముందు తెలియాలి.

చార్టు కట్టే తీరు

ఎక్కువగా వాడే సగటు–వ్యాప్తి చార్టును మందు బిళ్లల తయారీ ఉదాహరణతో చూద్దాం. రోటరీ ప్రెస్‌లో గుండ్రంగా తిరిగే బల్ల మీద అచ్చులుంటాయి. హాపర్ నుంచి జారిన గ్రాన్యూల్స్ అచ్చు గుంటలో నిండుతాయి, పైనుంచీ కిందినుంచీ పంచ్‌లు వాటిని అదిమి బిళ్లగా చేస్తాయి. బిళ్ల బరువు ప్రధానంగా గుంటలో సరుకు ఎంత లోతు నిండిందన్న దాని మీద ఆధారపడుతుంది. 600 మిల్లీగ్రాముల బిళ్ల చెయ్యాలనుకుందాం. అరగంటకోసారి వరసగా వచ్చిన 5 బిళ్లలు తీసి తూచి, వాటి సగటును, అన్నిటికంటే ఎక్కువ బరువుకూ తక్కువ బరువుకూ ఉన్న తేడా అయిన వ్యాప్తిని రాసుకుంటారు. ఇలా 20 నుంచి 25 శాంపిళ్లు పోగయ్యాక హద్దులు లెక్కిస్తారు. ఆ శాంపిళ్ల సగటుల సగటు 601 మి.గ్రా., వ్యాప్తుల సగటు 12 మి.గ్రా. వచ్చిందనుకుంటే, 5 బిళ్లల శాంపిల్‌కు పట్టికలో ఉన్న 0.577 అనే స్థిరాంకంతో 12ను గుణిస్తే సుమారు 6.9 వస్తుంది. అంటే సగటు చార్టుకు ఎగువ హద్దు 607.9, దిగువ హద్దు 594.1. వ్యాప్తి చార్టుకు ఎగువ హద్దు 2.114ను 12తో గుణించగా వచ్చే 25.4, దిగువ హద్దు సున్నా. సగటు చార్టు ప్రక్రియ ఎక్కడ నిలిచిందో చూపిస్తే, వ్యాప్తి చార్టు ఆ క్షణాన బిళ్లకూ బిళ్లకూ మధ్య ఎంత తేడా ఉందో చూపిస్తుంది. రెండూ కలిపి చదవాలి. ముందు చూడవలసింది వ్యాప్తినే, ఎందుకంటే సగటు హద్దులు దాని మీదే నిలబడి ఉన్నాయి.

లెక్క తేలిక. కష్టమంతా శాంపిల్‌లో ఏ బిళ్లలు పెట్టాలన్న దగ్గరే ఉంది. ఒక శాంపిల్ లోపల సాధారణ కారణాలు మాత్రమే కనిపించాలి, మార్పు ఏదైనా వస్తే అది ఒక శాంపిల్‌కూ మరో శాంపిల్‌కూ మధ్య కనిపించాలి. రెండు వైపుల నుంచి బిళ్లలు బయటికి వచ్చే ప్రెస్‌లు హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో మామూలే. రెండు వైపులా బరువు సర్దుబాటు వేర్వేరుగా ఉంటుంది. ఎడమ వైపు బిళ్లలు కొంచెం బరువు, కుడి వైపువి కొంచెం తేలిక అయినప్పుడు రెంటినీ కలిపి ఒకే శాంపిల్‌గా తూచారంటే, ఆ రెండు వైపుల తేడా అంతా వ్యాప్తిలోకి చేరిపోతుంది. వ్యాప్తి పెరిగితే హద్దులు వెడల్పవుతాయి, చుక్కలన్నీ మధ్యరేఖను అంటిపెట్టుకుని నడుస్తాయి. చూసేవారికి ప్రక్రియ ఎంతో నిలకడగా ఉన్నట్టనిపిస్తుంది. వాస్తవానికి ఆ చార్టుకు చూపు పోయింది, ఒక వైపు బరువు పక్కకు జరిగినా అది పసిగట్టలేదు. రెండు వైపులకూ రెండు చార్టులు పెడితే ఇబ్బంది తీరుతుంది. మధ్యరేఖ పక్కనే పేరుకున్న చుక్కలను చూసి సంతోషించకుండా అనుమానించడం నేర్పేది ఇలాంటి అనుభవమే.

హద్దులు వేరు, స్పెసిఫికేషన్ వేరు

కంట్రోల్ హద్దులకూ స్పెసిఫికేషన్ హద్దులకూ మధ్య ఉన్న తేడా తెలియకపోవడం వల్ల జరిగినన్ని పొరపాట్లు ఈ రంగంలో మరి దేనివల్లా జరగలేదేమో. స్పెసిఫికేషన్ కొనేవారి అవసరం నుంచో చట్టం నుంచో వస్తుంది. 250 మి.గ్రా., అంతకు మించిన బిళ్లలకు భారత ఫార్మకోపియా అనుమతించే తేడా సగటు బరువు మీద 5 శాతం. 20 బిళ్లలు తూస్తే అందులో రెండింటికి మించి ఆ పరిధి దాటకూడదు, ఏ ఒక్కటీ దానికి రెట్టింపు దాటకూడదు. సుమారుగా చూస్తే మన బిళ్లకు 570 నుంచి 630 వరకు అన్నమాట. కంట్రోల్ హద్దులు మాత్రం ఎవరి అవసరాన్నీ చెప్పవు. ప్రక్రియ తన మానాన తాను నడిస్తే ఎంత ఊగుతుందో చెబుతాయి. అవి 594.1, 607.9. పైగా ఇవి ఐదు బిళ్లల సగటుకు వర్తించేవి, స్పెసిఫికేషన్ విడి బిళ్లకు వర్తించేది. స్పెసిఫికేషన్ గీతలను సగటు చార్టు మీద గీస్తే చూసేవారు దారి తప్పడం ఖాయం.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ఒక శాంపిల్ సగటు 609 వచ్చి ఎగువ హద్దు దాటినా బిళ్లలన్నీ 570కీ 630కీ మధ్య క్షేమంగానే ఉన్నాయి కదా, అలాంటప్పుడు ఎందుకు కంగారుపడాలి? బిళ్లలు చెడ్డవని చార్టు అనలేదు. ప్రక్రియ నిన్నటిలా లేదని మాత్రమే అంది. వ్యాప్తి సగటు 12 నుంచి అంచనా కడితే ఒక్కో బిళ్ల బరువుకు ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ కొలతలు ఎంత చెదిరాయో చెప్పే సిగ్మా) సుమారు 5.2 మి.గ్రా. ప్రక్రియ సగటు అంత మేర, అంటే 606.2కు జరిగిందనుకుందాం. విడి బిళ్ల 630 దాటడం అప్పటికీ లక్షకు ఒకటైనా జరగదు, కాబట్టి స్పెసిఫికేషన్‌తో పోల్చే తనిఖీకి ఆ మార్పు ఆనవాలు కూడా దొరకదు. సగటు చార్టు మాత్రం ఒక్కో శాంపిల్‌లో సుమారు 22 శాతం అవకాశంతో, సగటున నాలుగైదు శాంపిళ్లలో, రెండు గంటలు అటూ ఇటూగా దాన్ని పట్టేస్తుంది. హాపర్‌లో సరుకు తగ్గిందా, గ్రాన్యూల్స్‌లో సన్న పొడి విడిపోయి అడుగుకు చేరిందా, సర్దుబాటు మర వదులైందా అని చూసుకోవడానికి ఆ సమయం చాలు. ఒక్క బిళ్ల కూడా పారెయ్యకుండానే కారణం చిక్కుతుంది.

దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంది. చుక్కలన్నీ కంట్రోల్ హద్దుల లోపలే ఉండి, సరుకులో మాత్రం కొంత భాగం స్పెసిఫికేషన్‌కు అందకపోవచ్చు. అంటే ప్రక్రియ నిలకడగా, నమ్మకంగా చెడ్డ సరుకు తయారుచేస్తోంది. ప్రక్రియ సామర్థ్యాన్ని కొలిచే సూచికలు ఇందుకే ఉన్నాయి. స్పెసిఫికేషన్ వెడల్పును ఆరు ప్రామాణిక విచలనాలతో భాగిస్తే వచ్చే సూచిక మన ఉదాహరణలో సుమారు 1.9. పరిశ్రమలో చాలామంది కనీసంగా అడిగే 1.33 కంటే ఇది మెరుగు. ఈ అంకె 1 కంటే తక్కువ అయినప్పుడు ఆపరేటర్‌ను ఎంత మందలించినా ప్రయోజనం లేదు. యంత్రమో, సరుకో, పద్ధతో మార్చాలి, అది యాజమాన్యం చేతిలో ఉన్న పని. ప్రక్రియ నిలకడగా లేకపోతే ఈ సూచికకే అర్థం లేదన్నది మరవకూడదు. నిలకడ తేల్చేది మళ్లీ కంట్రోల్ చార్టే.

మూడు సిగ్మాలే ఎందుకు

హద్దులను మధ్యరేఖకు మూడు ప్రామాణిక విచలనాల దూరంలో పెట్టడం షూహార్ట్ కాలం నుంచీ ఆనవాయితీ. కొలతలు నార్మల్ విభాజనాన్ని అనుసరిస్తే, ఏ మార్పూ లేకుండానే ఒక చుక్క ఈ హద్దుల బయట పడే అవకాశం 0.27 శాతం, అంటే సగటున 370 చుక్కలకు ఒక ఉత్తుత్తి హెచ్చరిక. రెండు సిగ్మాల దూరంలో పెడితే మార్పు త్వరగా తెలుస్తుంది కానీ ప్రతి 22 చుక్కలకు ఒకసారి అకారణంగా గంట మోగుతుంది. అరగంటకో శాంపిల్ చొప్పున తీస్తే రోజుకు రెండుసార్లు లేని కారణాన్ని వెతకాలి. రెండు వారాలు అలా వెతికి విసిగిన ఆపరేటర్ మూడో వారం నిజమైన హెచ్చరికను కూడా పట్టించుకోడు. లేని మార్పును ఉందనుకోవడం, ఉన్న మార్పును లేదనుకోవడం అనే రెండు పొరపాట్లలో ఒకదాన్ని తగ్గిస్తే మరొకటి పెరుగుతుంది. ఈ రెంటి ఖర్చూ తూచి, ఆచరణలో గిట్టుబాటయ్యే చోటుగా షూహార్ట్ మూడు సిగ్మాలను ఎంచుకున్నారు. దాన్ని ప్రకృతి సూత్రమని ఆయన ఎన్నడూ చెప్పలేదు.

నార్మల్ విభాజనం కాకపోతే ఈ కట్టడం కూలిపోతుందని ఒక విమర్శ. దానికి రెండు జవాబులున్నాయి. సగటులు, విడి కొలతల విభాజనం ఎలా ఉన్నా, నార్మల్‌కు దగ్గరగా వస్తాయి. నాలుగైదు కొలతల శాంపిల్‌తోనే ఆ మేలు చాలావరకు అందుతుంది. రెండోది, ఏ విభాజనమైనా సరే మూడు సిగ్మాల బయట తొమ్మిదో వంతుకు మించి ఉండదని చెబిషెవ్ అసమానత హామీ ఇస్తుంది. ఒకే శిఖరమున్న విభాజనాలకైతే అది 5 శాతం లోపే. కాబట్టి 0.27 అన్న అంకెను పట్టుకు వేలాడనక్కరలేదు, హద్దులు మాత్రం పనికొస్తాయి. అయితే మలినాల శాతం, పగిలేవరకు పట్టే సమయం లాంటి ఒక వైపు బాగా సాగిన కొలతలను విడివిడిగా చార్టు మీద పెడితే ఉత్తుత్తి హెచ్చరికలు నిజంగానే పెరుగుతాయి. అక్కడ కొలతను లాగరిథంలోకి మార్చడమో, తగిన విభాజనంతో హద్దులు కట్టడమో చెయ్యాలి.

చిన్న మార్పులను మూడు సిగ్మాల హద్దు ఆలస్యంగా పడుతుందన్నది నిజం. అందుకే వెస్టర్న్ ఎలక్ట్రిక్ 1956లో ప్రచురించిన చేతిపుస్తకం మరికొన్ని నియమాలు చేర్చింది. వరస మూడు చుక్కల్లో రెండు ఒకే వైపున రెండు సిగ్మాలు దాటడం, ఐదింటిలో నాలుగు ఒకే వైపున ఒక సిగ్మా దాటడం, ఎనిమిది చుక్కలు వరసగా మధ్యరేఖకు ఒకే వైపు ఉండడం కూడా హెచ్చరికలే. ఈ నియమాలు చార్టు చెవులను చురుకు చేస్తాయి. కానీ మూడు సిగ్మాల హద్దుతో కలిపి ఈ నాలుగు నియమాలూ వాడితే, ఏ మార్పూ లేనప్పుడు కూడా సగటున సుమారు 92 చుక్కలకు ఒక హెచ్చరిక వస్తుందని 1987లో పరిశోధకులు చాంప్, వుడాల్ లెక్కగట్టారు. 370 ఉన్నది నాలుగో వంతుకు పడిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నియమాలన్నిటికీ టిక్కు పెట్టేసే అలవాటు ఇవాళ చాలాచోట్ల కనిపిస్తుంది. దానికి చెల్లించే మూల్యం ఇది.

చెయ్యి పెట్టి చెడగొట్టడం

నిలకడగా ఉన్న ప్రక్రియను సవరిస్తే ఏమవుతుందో లెక్క సూటిగా చెబుతుంది. మన బిళ్లల ప్రెస్‌లో ఐదు బిళ్లల సగటుకు సహజంగా ఉండే ప్రామాణిక విచలనం సుమారు 2.3 మి.గ్రా. శ్రద్ధగల ఆపరేటర్ ఒకరు ప్రతి అరగంటకూ సగటు చూసి, 604 వస్తే మూడు మిల్లీగ్రాములు తగ్గించి, 599 వస్తే రెండు పెంచి, ప్రతిసారీ 601కి సరిచేస్తున్నారనుకుందాం. ఆ 604 రావడానికి కారణం యాదృచ్ఛికమే కాబట్టి తర్వాతి శాంపిల్ దానంతట అదే 601 చుట్టూ వచ్చేది. ఇప్పుడు మూడు తక్కువ చుట్టూ వస్తుంది. పాత ఊగిసలాటకు ఆ ఊగిసలాటను సవరించిన ఊగిసలాట తోడై, సగటుల విస్తృతి (ప్రామాణిక విచలనపు వర్గం) సరిగ్గా రెట్టింపవుతుంది. ప్రామాణిక విచలనం 2.3 నుంచి 3.3కు, అంటే 41 శాతం పెరుగుతుంది. గరాటు నుంచి గోళీలు జారవిడిచి, ప్రతిసారీ గరాటును జరిపి చూపించే ప్రయోగంతో డెమింగ్ తన శిక్షణ తరగతుల్లో నిరూపించింది ఈ విషయాన్నే. ఇక్కడ సోమరితనం లేదు, నిర్లక్ష్యం లేదు. చిత్తశుద్ధితో చేసిన పని సరుకును పాడుచేసింది. కంట్రోల్ చార్టు లేని చోట ఈ నష్టం ఎవరి కంటా పడదు, ఎందుకంటే ప్రతి సవరణా విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది.

అలాగని అన్ని సవరణలూ తప్పన్నట్టు కాదు. రసాయన రియాక్టర్ల ఉష్ణోగ్రత, కాగితం మిల్లులో తేమ లాంటివి తమంతట తాము ఒక దిక్కుగా జారిపోతాయి, నిలిచే స్వభావమే వాటికి లేదు. అక్కడ వదిలేస్తే చెడుతుంది, క్రమం తప్పని సవరణ కావాలి. గణాంక శాస్త్రవేత్త జార్జ్ బాక్స్ ఈ మాటను గట్టిగా చెబుతూ, చార్టుతో గమనించడాన్నీ ఫీడ్‌బ్యాక్‌తో సవరించడాన్నీ ఒకదానికొకటి తోడుగా వాడాలని వాదించారు. ఈ అభ్యంతరం సరైనదే, పైగా అసలు వాదానికి బలమే ఇస్తుంది. సవరించవలసిన ప్రక్రియ ఏది, వదిలెయ్యవలసింది ఏది అని తేల్చుకోవాలన్నా ముందు దాని కొలతలను కాలక్రమంలో పెట్టి చూడక తప్పదు.

మిగతా రకాలు

కొలవలేని చోట లెక్కపెట్టాలి. శాంపిల్‌లో లోపమున్న వస్తువుల నిష్పత్తికి పి చార్టు, వాటి సంఖ్యకు ఎన్‌పి చార్టు, ఒక వస్తువు మీద ఉన్న లోపాల సంఖ్యకు సి చార్టు, తనిఖీ చేసిన పరిమాణం మారుతుంటే యు చార్టు వాడతారు. వీటి వల్ల కలిగే పెద్ద మేలు నివేదికల్లోని అంకెలను అదుపులో పెట్టడం. సగటున 4 శాతం లోపాలు వచ్చే చోట రోజుకు 200 వస్తువులు తనిఖీ చేస్తే పి చార్టు ఎగువ హద్దు సుమారు 8.2 శాతం. నిన్న 4 శాతం, ఇవాళ 8 శాతం వస్తే లోపాలు రెట్టింపయ్యాయంటూ సమావేశం పెట్టడం, సూపర్‌వైజర్‌ను నిలదీయడం సహజంగా జరిగిపోతాయి. కానీ ఆ 8 శాతం, అంటే 200లో 16, హద్దు లోపలే ఉంది, ఆ ఒక్క చుక్కను బట్టి ఏదో మారిందని చెప్పలేం. లోపాలు లక్షకు పది చొప్పున తగ్గిన ప్రక్రియల్లో ఈ చార్టు దాదాపు ఎప్పుడూ సున్నానే చూపించి వ్యర్థమవుతుంది. అక్కడ ఒక లోపానికీ మరో లోపానికీ మధ్య ఎన్ని మంచి వస్తువులు వచ్చాయో లెక్కించడం, లేదా లోపానికి మూలమైన కొలతనే నేరుగా చార్టు మీద పెట్టడం మేలు.

చిన్న మార్పులను త్వరగా పట్టడానికి పాత చుక్కల జ్ఞాపకాన్ని కూడగట్టే చార్టులు వచ్చాయి. 1954లో ఇ. ఎస్. పేజ్ ప్రతిపాదించిన క్యుసమ్ చార్టు లక్ష్యం నుంచి వచ్చిన తేడాలను కూడుకుంటూ పోతుంది. 1959లో ఎస్. డబ్ల్యు. రాబర్ట్స్ ప్రతిపాదించిన చార్టు కొత్త కొలతలకు ఎక్కువ, పాతవాటికి క్రమంగా తక్కువ బరువు ఇచ్చి సగటు కడుతుంది. ఒకేసారి అనేక కొలతలను కలిపి చూడడానికి 1947లో హెరాల్డ్ హోటెలింగ్ బాట వేశారు. విడివిడిగా చూస్తే హద్దుల్లోనే ఉన్న రెండు కొలతలు వాటి మధ్య ఉండవలసిన సంబంధం తప్పినప్పుడు ఈ పద్ధతికే దొరుకుతాయి.

దేశదేశాలకు విస్తరణ

బ్రిటన్‌లో ఇగన్ పియర్సన్ 1935లో ఈ పద్ధతుల మీద ఒక ప్రమాణ గ్రంథం రాశారు. అమెరికాలో 1941–42లో యుద్ధ ప్రమాణాలుగా వెలువడి, ఆయుధ కర్మాగారాల్లో శిక్షణ ద్వారా ఇవి విస్తరించాయి. యుద్ధం ముగిశాక సరుకు ఎలా ఉన్నా అమ్ముడయ్యే రోజులు రావడంతో అక్కడ ఆసక్తి తగ్గింది. 1950లో జపాన్ శాస్త్రవేత్తల, ఇంజనీర్ల సంఘం పిలుపు మీద డెమింగ్ అక్కడ పాఠాలు చెప్పారు. యాజమాన్యాల అగ్రనేతలకు కూడా ఆయన విడిగా బోధించడం ఆ ప్రయత్నానికి కలిసొచ్చింది. కవోరు ఇషికావా ప్రచారం చేసిన ఏడు ప్రాథమిక సాధనాల్లో కంట్రోల్ చార్టు ఒకటై, జపాన్ కార్మికుల చేతికి చేరింది. భారతదేశానికి ఈ విద్య ఆలస్యంగా ఏమీ రాలేదు. గణాంక శాస్త్రవేత్త పి. సి. మహలనోబిస్ పూనికతో షూహార్టే స్వయంగా 1947–48లో ఇక్కడికి వచ్చి కర్మాగారాలు చూసి, పరిశ్రమల వారితో మాట్లాడారు. తర్వాత భారత గణాంక సంస్థ పారిశ్రామిక నగరాల్లో నాణ్యతా నియంత్రణ విభాగాలు నెలకొల్పింది. హైదరాబాద్‌లోని విభాగం వాటిలో ఒకటి. భారత ప్రమాణాల్లో ఐఎస్ 397, అంతర్జాతీయ ప్రమాణాల్లో ఐఎస్‌ఓ 7870 ఈ చార్టులకు సంబంధించినవే.

నేటి అభ్యంతరాలు

ప్రతి వస్తువునూ సెన్సర్ కొలిచే కాలంలో అరగంటకు ఐదు బిళ్లలు తూచే పద్ధతి పాతబడిందనేవారున్నారు. ఆధునిక ప్రెస్ ప్రతి బిళ్ల మీద పడిన ఒత్తిడిని కొలిచి, నింపే లోతును తానే సర్దుకుంటుంది కూడా. అయితే డేటా పెరిగినంత మాత్రాన అసలు ప్రశ్న మాయం కాదు. సెకనుకు పదుల కొలతలు వస్తున్నప్పుడు పక్కపక్క కొలతలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పాత సూత్రాలతో హద్దులు గీస్తే అవి మరీ ఇరుకై తెర మీద ఎర్ర చుక్కలు వరదలా వస్తాయి. శాంపిళ్ల మధ్య ఎడం పెంచడం, ఆ పోలికను నమూనాగా రాసి మిగిలిన శేషాన్ని చార్టు మీద పెట్టడం దీనికి మందు. యంత్రం తనను తాను సవరించుకునే చోట మరో చిక్కుంది. సరుకు నాసిరకమైనా, పంచ్ అరిగినా, సర్దుబాటు దాన్ని పూడ్చేసి బరువు చార్టును నిలకడగా ఉంచుతుంది. జబ్బు లోపల ముదురుతూ ఉంటుంది. అందుకని యంత్రం చేసే సర్దుబాట్లనే ఒక చార్టు మీద పెట్టాలి. అంటే ఆటోమేషన్ వచ్చాక చార్టు స్థానం మారింది, అవసరం తీరలేదు.

చిన్న చిన్న ఆర్డర్లు చేసే చోట 25 శాంపిళ్లు ఎక్కడి నుంచి తేవాలన్నది చిన్న పరిశ్రమలవారి ప్రశ్న. వస్తువులు మారినా వాటిని చేసే యంత్రం ఒకటే. ఒక్కో భాగానికి దాని లక్ష్య కొలత నుంచి వచ్చిన తేడాను గుర్తిస్తూ పోతే వేర్వేరు వస్తువులను ఒకే చార్టు మీద చూడవచ్చు. వాటి ఊగిసలాట పరిమాణంలో బాగా తేడా ఉంటే దాన్ని కూడా ఒకే కొలమానానికి తేవాలి. చూడవలసింది వస్తువును కాదు, ప్రక్రియను అన్న గ్రహింపు ఉంటే ఈ దారి తోస్తుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం లెక్కలకు సంబంధించింది కాదు. హద్దుల లోపల ఉన్నంతసేపూ చేతులు ముడుచుకోమంటే మెరుగుదల ఎలా వస్తుందని అడుగుతారు. చార్టు ఊరుకోమన్నది ఒక్కో చుక్కకు కారణం వెతకవద్దని మాత్రమే. ప్రక్రియ మొత్తాన్ని మెరుగుపరచవద్దని అది ఎక్కడా చెప్పదు. హద్దుల మధ్య ఉన్న వెడల్పే సాధారణ కారణాల కొలత. దాన్ని తగ్గించాలంటే గ్రాన్యులేషన్ పద్ధతి, పరికరాల నిర్వహణ, సరుకు కొనుగోలు, శిక్షణ లాంటి పెద్ద విషయాల మీద చెయ్యి వెయ్యాలి. ఆ అధికారం ఆపరేటర్‌కు ఉండదు. లోపాల్లో 94 శాతం వరకు వ్యవస్థకు చెందినవేనని, ఆ బాధ్యత యాజమాన్యానిదేనని డెమింగ్ తన అనుభవం నుంచి అంచనా కట్టారు. ఆ శాతం ఒక్కో ఫ్యాక్టరీలో ఒక్కోలా ఉండవచ్చు. కానీ హద్దుల లోపల పడిన చుక్కకు కార్మికుడి నుంచి సంజాయిషీ అడగడం లెక్క ప్రకారం తప్పు, న్యాయం ప్రకారం ఇంకా పెద్ద తప్పు. అలా అడిగే చోట షిఫ్టు చివర్లో అంకెలు ఊహించి నింపడం, హద్దు దాటిన శాంపిల్‌ను పారేసి మరొకటి తూచడం మొదలవుతాయి. ఆ తర్వాత గోడ మీద ఎంత అందమైన చార్టు వేలాడినా అది ఆడిటర్‌కు చూపించే కాగితం మాత్రమే.

కాబట్టి ఒక ఫ్యాక్టరీలో కంట్రోల్ చార్టు నిజంగా పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌నూ చార్టుల సంఖ్యనూ చూడనక్కరలేదు. చుక్క హద్దు దాటిన రోజున లైను ఆపే అధికారం ఆపరేటర్‌కు ఉందా, ఆపాక ఏమేం చూడాలో ముందే రాసిపెట్టారా, కనుగొన్న కారణాన్ని చార్టు మీదే నమోదు చేశారా అన్నవి మొదటి పరీక్ష. చుక్క హద్దు లోపల ఉన్న రోజున, పై అధికారికి ఆ అంకె నచ్చకపోయినా, ఎవరూ యంత్రం మీద చెయ్యి వెయ్యకుండా ఉండగలిగారా అన్నది రెండో పరీక్ష. మొదటిదాంట్లో నెగ్గే సంస్థలు చాలానే ఉంటాయి. రెండోదాంట్లో నెగ్గిన సంస్థే, తన శ్రమను అంకెల వెనక పరుగులు తీయడం నుంచి మళ్లించి ప్రక్రియను బాగుచేయడం మీద పెట్టగలుగుతుంది. షూహార్ట్ ఒక పేజీలో చెప్పిన ఆలోచనకు నూరేళ్ల తర్వాత కూడా విలువ తగ్గకపోవడానికి కారణం అదే.